కొత్త బండి కొన్నారా? పానా పట్టడమూ నేర్చుకోండి

తెల్లారక ముందే పాలకేంద్రానికి క్యాన్లు చేర్చాలన్నా, పొలంలో మోటారు వేసి రావాలన్నా, మండల కేంద్రం నుంచి ఎరువు కట్ట తెచ్చుకోవాలన్నా పల్లెలో ఇప్పుడు మోటారు సైకిలే దిక్కు. ఎడ్లకు మేత తప్పినా, నీళ్లు తప్పినా రైతు మనసు ఊరుకోదు. బండి విషయానికి వచ్చేసరికి మాత్రం పెట్రోలు పోసి కిక్కు కొట్టడమే తప్ప దాని ఆకలి, దాహం ఎవరూ పట్టించుకోరు. అది మొరాయించిన రోజున పాలు విరిగిపోతాయి, కూలీలు పొలం గట్టు మీద కూర్చుని ఎదురు చూస్తారు. బ్రేకు పడని రోజున పోయేది పాలు కాదు, ప్రాణం.

కొత్తగా బండి కొన్నవారు, కొత్తగా నడపడం నేర్చుకున్న కుర్రాళ్లు ఇంటి దగ్గరే చేసుకోదగిన పనులు చాలా ఉన్నాయి. వీటికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆయిలు ఇంజను, తైవాన్ స్ప్రేయరు బాగుచేసుకునే రైతుకు ఇవి లెక్కలోవి కావు. వారానికి ఒక పావుగంట కేటాయిస్తే చాలు. ఏ పని ఎందుకు చేయాలో, ఎలా చేయాలో వరుసగా చూద్దాం.

మొదటి వెయ్యి కిలోమీటర్లు

బండితో పాటు ఒక చిన్న పుస్తకం ఇస్తారు. చాలామంది దాన్ని సీటు కింద పడేసి మరచిపోతారు. ఎంత గాలి పెట్టాలి, ఏ ఆయిలు పోయాలి, చైను ఎంత వదులు ఉండాలి అన్నవన్నీ మీ బండికి సరిపోయే లెక్కలతో అందులో ఉంటాయి. ఈ వ్యాసంలో ఇచ్చే అంకెలు 100 నుంచి 125 సీసీ బళ్లకు మామూలుగా సరిపోయేవి. మీ పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

కొత్త ఇంజనులో పిస్టను, రింగులు, గేర్లు ఒకదానితో ఒకటి ఒరుసుకుని కుదురుకోవాలి. అందుకే మొదటి వెయ్యి కిలోమీటర్లు యాక్సిలరేటరు పూర్తిగా తిప్పరాదు. ఒకే వేగంతో గంటల తరబడి లాగరాదు. పై గేరులో ఉంచి ఇంజను గుడగుడలాడేలా ఎత్తు ఎక్కించరాదు. బరువు మోయించరాదు. కొత్త కోడెను మొదటి రోజే బరువు బండికి కట్టం గదా, ఇదీ అంతే.

మొదటి సర్వీసు కంపెనీని బట్టి 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్యలో ఉంటుంది. కిలోమీటర్లు నిండకపోయినా పుస్తకంలో చెప్పిన రోజులు నిండితే చేయించాల్సిందే. కొత్త భాగాలు ఒరుసుకున్నప్పుడు రాలిన సన్నని లోహపు పొడి ఆ ఆయిలులో ఉంటుంది. ఆయిలు మార్చకపోతే ఆ పొడే ఇంజనును గీకేస్తుంది. ఉచిత సర్వీసులు తప్పించుకుంటే వారంటీకి కూడా ఎసరు వస్తుంది.

ఇంజను ఆయిలే రక్తం

వంద సీసీ బండి ఇంజనులో పట్టే ఆయిలు దాదాపు ఒక లీటరు. పిస్టనుకు, గేర్లకు, క్లచ్చి ప్లేట్లకు అన్నిటికీ అదే ఆధారం. ఇంజనును కొంత చల్లబరిచేదీ అదే. ఆ లీటరులో పావు లీటరు తగ్గినా మిగిలిన దాని మీద భారం పడుతుంది. ఆయిలు మార్చడానికి అయ్యే ఖర్చు వందల్లో ఉంటుంది. ఆయిలు లేక బోరు అరిగితే పడే ఖర్చు వేలల్లో ఉంటుంది.

ఆయిలు చూసే పద్ధతి ఇది. బండిని చదును నేల మీద సెంటరు స్టాండు వేయండి. సైడు స్టాండు మీద చూస్తే లెక్క తప్పు వస్తుంది. ఇంజనును రెండు మూడు నిమిషాలు నడిపి ఆపేయండి. మరో రెండు మూడు నిమిషాలు ఆగితే పైకి వెళ్లిన ఆయిలు కిందికి దిగుతుంది. ఇంజను పక్కన మూతకు పుల్ల ఉంటుంది. దాన్ని తిప్పి తీసి శుభ్రమైన గుడ్డతో తుడవండి. మళ్లీ లోపల ఆనించి తీయండి. చాలా బళ్లకు ఇలా చూసేటప్పుడు మూతను మరలు తిప్పి బిగించకూడదు, ఊరికే ఆనిస్తే చాలు. పుల్ల మీద రెండు గీతల మధ్యలో ఆయిలు తడి ఉండాలి. కింది గీత దగ్గరకు వస్తే కొంచెం కొంచెంగా పోయండి. పై గీత దాటి పోయడం కూడా మంచిది కాదు. కొన్ని బళ్లకు పుల్లకు బదులు చిన్న గాజు కన్ను ఉంటుంది. దానిలో గీతలు చూసుకోవాలి.

ఎప్పుడు మార్చాలి అన్నదానికి పుస్తకమే ప్రమాణం. అయితే దుమ్ము రోడ్లలో, పొలం బాటల్లో మొదటి గేరులో ఎక్కువ నడిచే బండికి చెప్పిన గడువు కంటే ముందే మార్చడం మేలు. ఇంజను వేడిగా ఉన్నప్పుడు పాత ఆయిలు దించితే మడ్డి కూడా కలిసి వస్తుంది. చేయి కాలకుండా చూసుకోండి.

కారుకు పోసే ఆయిలు చవకగా దొరికిందని బండికి పోయవద్దు. మోటారు సైకిల్లో క్లచ్చి ప్లేట్లు ఆ ఆయిలులోనే మునిగి ఉంటాయి. కారు ఆయిలులో జారుడు కోసం కలిపే మందుల వల్ల క్లచ్చి జారుతుంది. ఇంజను రేజు అవుతుంది గాని బండి ముందుకు పోదు. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అన్న గుర్తు, మీ పుస్తకంలో చెప్పిన గ్రేడు (10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40 వంటివి) చూసి కొనండి. సీలు పగలని డబ్బా మీ కళ్ల ముందే తీయించి పోయించుకోండి.

దించిన నల్ల ఆయిలును కాలువలో, బోదెలో పారబోయరాదు. చేతులకు అంటితే సబ్బుతో కడుక్కోవాలి. దాన్ని డబ్బాలో పట్టి మెకానిక్కు షెడ్డులో ఇచ్చేయండి.

ఊపిరి తిత్తి.. ఎయిర్ ఫిల్టరు

ఇంజను పెట్రోలుతో పాటు గాలినీ తాగుతుంది. ఆ గాలిలోని దుమ్మును ఆపేది ఎయిర్ ఫిల్టరు. ఎండాకాలం మట్టి రోడ్ల మీద, నూర్పిళ్ల రోజుల్లో కళ్లాల పక్కన తిరిగే బళ్లకు ఇది త్వరగా మూసుకుపోతుంది. అప్పుడు గాలి చాలక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, పికప్పు తగ్గుతుంది. చిరిగిపోయిన ఫిల్టరు అంతకంటే ప్రమాదం. దుమ్ము నేరుగా లోపలికి పోయి పిస్టనును ఉప్పు కాగితంలా గీకుతుంది.

శుభ్రం చేసే ముందు మీ ఫిల్టరు ఏ రకమో తెలుసుకోవాలి. ఇక్కడే చాలామంది పొరబడుతుంటారు. స్పాంజి రకమైతే కిరోసిన్‌లో ఉతికి, మెలిపెట్టకుండా పిండి, ఆరబెట్టి, కొంచెం ఇంజను ఆయిలు పట్టించి, ఎక్కువైంది పిండేసి బిగించాలి. పొడి కాగితం రకమైతే నీళ్లు, పెట్రోలు తగలనివ్వరాదు. మెల్లగా తట్టి, లోపలి వైపు నుంచి బయటకు గాలి కొట్టాలి. కాగితానికి ముందే జిడ్డు పట్టించి ఉండే మూడో రకం కొత్త బళ్లలో చాలా వాటికి వస్తోంది. దాన్ని కడగరాదు, గాలి కొట్టరాదు. గడువు రాగానే, దుమ్ములో తిరిగే బండికైతే ఇంకా ముందే, మార్చేయడం ఒక్కటే మార్గం.

కందెన వేయని బండి

కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని మన పెద్దలు ఎడ్లబండిని చూసి అన్నారు. ఇప్పటి బండిలో ఆ సంగీతం వినిపించేది చైను నుంచి. గరగరమని చప్పుడు వస్తున్నా, గేరు మార్చినప్పుడు జర్కు ఇస్తున్నా ముందు చైను చూడండి.

చైను పని ఎప్పుడు చేసినా ఇంజను ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాకే చేయాలి. బండిని స్టాండు వేసి, గేరులో పెట్టి, చక్రం తిరుగుతుండగా గుడ్డతో చైను తుడిచే అలవాటు కొందరికి ఉంది. గుడ్డ పళ్లచక్రంలో చిక్కుకుంటే దానితో పాటే వేళ్లు పోతాయి. వేళ్లు పోయిన తర్వాత పానా పట్టేదెవరు, పార పట్టేదెవరు? చక్రాన్ని చేత్తో తిప్పుతూ తుడవడమే సరైన పద్ధతి.

పాత బ్రష్షు, కిరోసిన్ లేదా డీజిలుతో మట్టి కడిగి, పొడిగుడ్డతో తుడిచి, 90 నంబరు గేరు ఆయిలు చుక్కలు చుక్కలుగా చైను లోపలి వైపు వేస్తూ చక్రం తిప్పాలి. కాసేపాగి, పైన కారే ఆయిలు తుడిచేయండి. పూత మందంగా ఉంటే దుమ్ము అంటుకుని సానపట్టినట్టు చైనును అరగదీస్తుంది. దించిన నల్ల ఆయిలు చైనుకు పూయడం కూడా తప్పే. దానిలో మసి, లోహపు పొడి ఉంటాయి. వానలో నానిన తర్వాత, బురద బాటలో తిరిగిన తర్వాత మళ్లీ ఆయిలు పెట్టాలి. టైరుకు గాని, బ్రేకు డ్రమ్ముకు గాని, డిస్కుకు గాని ఒక్క చుక్క కూడా పడనివ్వరాదు.

చైను బిగువు చూడాలంటే సెంటరు స్టాండు వేసి, న్యూట్రలులో ఉంచి, కింది వైపు చైను నడిమధ్య వేలితో పైకి కిందికి ఆడించండి. మొత్తం ఆట 20 నుంచి 30 మిల్లీమీటర్లు, అంటే సుమారు ఒక అంగుళం ఉండాలి. చక్రం తిప్పుతూ రెండు మూడు చోట్ల చూసి, అన్నిటికంటే బిగువుగా ఉన్న చోటే లెక్కకు తీసుకోవాలి. చైనుకు పూర్తి కవరు ఉన్న బళ్లకు చూసేందుకు రబ్బరు మూత ఉంటుంది.

వదులైతే వెనుక చక్రం ఇరుసు నట్టు వదులు చేసి, రెండు పక్కలా ఉన్న అడ్జస్టరు నట్లను సమానంగా తిప్పాలి. అటూ ఇటూ గీతలు ఉంటాయి. రెండు వైపులా ఒకే గీత దగ్గర ఉండాలి. లేదంటే చక్రం వంకరగా నిలిచి టైరు ఒక పక్కే అరుగుతుంది. తర్వాత ఇరుసు నట్టు గట్టిగా బిగించి, పిన్ను ఉంటే తిరిగి పెట్టి, చైను ఆట మరోసారి చూడాలి. చక్రం వెనక్కు జరిగింది కనుక వెనుక డ్రమ్ము బ్రేకును కూడా సరిచేసుకోవాలి. ఈ సంగతి మరువరాదు.

వదులు ఉండకూడదని మరీ బిగించేయవద్దు. మనిషి, బరువు ఎక్కినప్పుడు వెనుక చక్రం పైకి లేచి చైను ఇంకా బిగుసుకుంటుంది. అప్పుడు బేరింగులు, గేరు షాఫ్టు దెబ్బతింటాయి. మరీ వదులైతే నడుస్తుండగానే ఊడి చక్రాన్ని బిగపట్టేస్తుంది. చైనుకు లాకు క్లిప్పు ఉంటే దాని మూసుకున్న కొస చైను నడిచే దిక్కుకు ఉండాలి. పళ్లచక్రం పళ్లు కొడవలి మొనలా వంగితే చైనుతో పాటు ముందు, వెనుక పళ్లచక్రాలు మూడూ కలిపి మార్చాలి. ఒక్కటే కొత్తది వేస్తే పాతవి దాన్నీ తినేస్తాయి.

బ్రేకుల దగ్గర బేరం వద్దు

పైన పటారం, లోన లొటారం అన్నట్టు ట్యాంకు తళతళలాడుతుంది, బ్రేకు మాత్రం పాతాళం దాకా తొక్కినా పడదు. అలాంటి బళ్లు మనకు రోజూ ఎదురవుతూనే ఉంటాయి. మిగతా పనులు రేపు చేసుకోవచ్చు. బ్రేకు పని మాత్రం ఈ రోజే చేయాలి.

వెనుక డ్రమ్ము బ్రేకు పెడలు 20 నుంచి 30 మిల్లీమీటర్లు కిందికి పోయాక పట్టు మొదలవ్వాలి. అంతకంటే ఎక్కువ పోతుంటే వెనుక రాడ్డు చివరి నట్టు బిగించండి. తర్వాత చక్రం చేత్తో తిప్పి చూడండి. ఒరుసుకోకుండా తిరగాలి. ఒరుసుకుంటే డ్రమ్ము వేడెక్కి పెట్రోలు తాగుతుంది. బ్రేకు ప్లేటు మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు ఆ బాణం అరుగుదల గీతకు చేరితే షూలు అయిపోయినట్టే. ఇక నట్టు బిగించి ప్రయోజనం లేదు, మార్చాల్సిందే.

ముందు డిస్కు బ్రేకు ఉంటే హ్యాండిలు దగ్గరి డబ్బాలో ద్రవం కనిష్ఠ గీత పైన ఉందో లేదో చూడండి. తగ్గితే ఊరికే పోసి వదిలేయకండి. ప్యాడ్లు అరిగి ఉండవచ్చు, ఎక్కడైనా కారుతూ ఉండవచ్చు. డబ్బా మూత మీద రాసిన రకం ద్రవమే పోయించాలి. లీవరు మెత్తగా స్పాంజిలా అనిపిస్తే లోపల గాలి చేరిందని అర్థం. అలాంటి బండిని నడపకుండా మెకానిక్కుకు చూపించండి.

కొత్తగా నేర్చుకున్నవారు ముందు బ్రేకు అంటే భయపడి వెనుక బ్రేకే తొక్కుతుంటారు. బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రం మీదకు వస్తుంది కనుక బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. రెండూ కలిపి వేయడం అలవాటు చేసుకోవాలి. ఇసుక, బురద, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం ఉన్న చోట మాత్రం ముందే వేగం తగ్గించుకుని, ముందు బ్రేకును మెల్లగా పట్టాలి. పెట్రోలు ఆదా అవుతుందని దిగుడులో ఇంజను ఆపి జారవిడిచే పని ఎప్పుడూ చేయరాదు.

టైర్లు, కేబుళ్లు

వారానికి ఒకసారి టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించాలి. చాలా వంద సీసీ బళ్లకు ముందు టైరుకు 25, వెనుక టైరుకు ఒక్కరే వెళ్లేటప్పుడు 28 పీఎస్‌ఐ ఉంటుంది. ఇద్దరు ఎక్కితే వెనుక గాలి బాగా పెంచాలి. ఆ అంకె చైను కవరు మీదో, పుస్తకంలోనో ఉంటుంది. గాలి తక్కువైతే టైరు అంచులు అరుగుతాయి, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. మరీ ఎక్కువైతే నడిమి పట్టీ అరిగి తడి రోడ్డు మీద జారుతుంది.

పొలం బాటల్లో తుమ్మ ముళ్ల బెడద ఎక్కువ. నెలకోసారి టైరు చుట్టూ చూసి గుచ్చుకున్న ముళ్లు, మేకులు తీయండి. ట్యూబు లేని టైరైతే ముల్లును దారిలో పీకవద్దు. అది ఉన్నంతసేపూ గాలి నెమ్మదిగానే పోతుంది. పంచరు షాపు చేరాకే తీయించండి. ట్యూబు టైరు పంచరైతే బండి మీద కూర్చుని నడపరాదు. వాల్వు తెగి ట్యూబే మార్చాల్సి వస్తుంది.

క్లచ్చి లీవరు కొస దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. ఆట లేకపోతే క్లచ్చి సగం పట్టే ఉండి ప్లేట్లు కాలిపోతాయి. ఎక్కువైతే గేర్లు కష్టంగా పడతాయి. కేబులు పోగు ఒక్కటి తెగి కనిపించినా మార్చేయండి. ఏ కేబులూ ఊరి మధ్యలో తెగదు, పని పడిన చోటే తెగుతుంది.

ప్లగ్గు చూసి జబ్బు చెప్పవచ్చు

ఆకు రంగు చూసి పైరుకు ఏం తక్కువైందో చెప్పినట్టే ప్లగ్గు కొస రంగు చూసి ఇంజను సంగతి చెప్పవచ్చు. లేత ఇటుక రంగులో ఉంటే బాగున్నట్టు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ అందుతోంది. ఫిల్టరు చూడాలి. ఆయిలు తడితో నల్లగా ఉంటే ఇంజను ఆయిలు తాగుతోంది. సైలెన్సరు నుంచి నీలి పొగ కూడా వస్తుంటే రింగులు, వాల్వులు చూపించాలి. తెల్లగా పాలిపోయి ఉంటే ఇంజను మరీ వేడెక్కుతోంది.

ప్లగ్గును ఇంజను చల్లారాకే తీయాలి. తిరిగి పెట్టేటప్పుడు ముందు చేత్తో మరలు పట్టించి ఆ తర్వాతే పానా వాడాలి. అడ్డంగా బిగిస్తే హెడ్డులోని మరలు చెడిపోతాయి.

పాత రకం బ్యాటరీ అయితే గీతకు తగ్గినప్పుడు డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయాలి. బోరు నీళ్లు, ఆసిడ్ పోయరాదు. ఇప్పుడు వచ్చే మూసిన బ్యాటరీల మూత అసలు తెరవకూడదు. కొసలకు పట్టే తెల్లటి పొక్కు తుడిచి వ్యాజ్‌లైన్ రాస్తే చాలు. బండి పది పదిహేను రోజులు తీయకుండా ఉంటే బ్యాటరీ దిగిపోతుంది. మధ్యలో కొంత దూరం తిప్పి రావాలి.

పెట్రోలు సంగతి

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బళ్లే రిజిస్టరు అవుతున్నాయి. వీటిలో ఎక్కువ భాగం కార్బురేటరు లేని ఇంజెక్షన్ బళ్లు. పాత బళ్ల మాదిరి వీటికి రిజర్వు కాక్ ఉండదు. పెట్రోలు పంపు ట్యాంకులోనే ఉండి ఆ పెట్రోలుతోనే చల్లబడుతుంది. ట్యాంకు అడుగంటే దాకా నడిపితే పంపు దెబ్బతింటుంది. ముల్లు చివరి గీతకు రాకముందే పోయించుకోండి.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలిసి ఉంటోంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. వానాకాలంలో ట్యాంకులోకి నీళ్లు దిగితే అది పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరుతుంది, బండి మొరాయిస్తుంది. ట్యాంకు మూత రబ్బరు వాషరు బాగుందో లేదో చూసుకోండి. ఊళ్లో సీసాల్లో అమ్మే పెట్రోలు అత్యవసరానికి తప్ప వాడకపోవడం మంచిది. అందులో ఏం కలిసిందో పోసినవాడికే తెలుసు.

పొలం బండికి ప్రత్యేక జాగ్రత్తలు

మోతకు ఒక లెక్క ఉంది: చాలా వంద సీసీ బళ్లు మోయగలిగింది మనిషితో కలిపి 130 కిలోల చుట్టూ ఉంటుంది. యూరియా కట్ట 45 కిలోలు. 65 కిలోల మనిషి రెండు కట్టలు వేసుకుంటే 155 కిలోలు అవుతుంది. బండి లాగుతుంది గాని స్పోకులు, షాకులు, చక్రం బేరింగులు అరిగిపోతాయి. వీటన్నిటికంటే ముఖ్యం, బ్రేకు వేసినా అనుకున్న చోట ఆగదు. రెండు పాల క్యాన్లు కట్టేవారు రెండు పక్కలా సమానంగా కట్టుకోవాలి.

ఎరువు: యూరియా, పొటాష్ వంటివి చెమ్మ పీల్చి ఇనుమును తింటాయి. కట్ట చిరిగి పొడి రాలితే ఇంటికి రాగానే క్యారియరు, చైను, స్పోకులు నీళ్లతో కడిగి ఆరనివ్వండి.

నల్లరేగడి: జిగట మట్టి మడ్‌గార్డుకు, టైరుకు మధ్య ఇరుక్కుని చక్రాన్ని తిరగనివ్వదు. యాక్సిలరేటరు బలవంతంగా తిప్పితే క్లచ్చి కాలుతుంది. దిగి, పుల్లతో మట్టి గీకాకే కదలాలి.

గడ్డి: రోడ్డు మీద నూర్పిడికి పరిచిన కంకి, గడ్డి మీదుగా పోతే పోగులు ఇరుసుకు, సైలెన్సరుకు చుట్టుకుంటాయి. సైలెన్సరు వేడికి అవి అంటుకోవచ్చు. దాటగానే ఆపి చూసుకోండి. వేడి బండిని గడ్డివాము పక్కన, ఎండు గడ్డి మీద నిలపవద్దు.

చీర కొంగు, తువ్వాలు: వెనుక కూర్చున్నవారి బట్టలు చక్రంలో చిక్కి జరిగే ప్రమాదాలు అన్నీ ఇన్నీ కావు. వెనుక చక్రం సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. అందం కోసం శారీ గార్డు విప్పేసిన బండి ఇంటికి చేటు.

బండి కడగడం: కాలువలో, చెరువులో దింపి కడిగితే సైలెన్సరులోకి, బ్రేకు డ్రమ్ములోకి, ఫిల్టరులోకి నీళ్లు పోతాయి. గట్టు మీదే నిలిపి, ఇంజను చల్లారాక, బకెట్టు నీళ్లతో కడగండి. స్విచ్చుల మీద, ప్లగ్గు మీద ధార కొట్టవద్దు. కడిగాక కొంత దూరం మెల్లగా పోతూ బ్రేకు నొక్కి వదులుతూ ఉంటే లైనింగు ఆరుతుంది. ఆ వెంటనే వేగంగా వెళితే బ్రేకు పట్టదు.

దారిలో ఆగిపోతే

కిక్కు మీద కిక్కు కొట్టి అలిసిపోయే ముందు వరుసగా చూడండి. పెట్రోలు ఉందా? హ్యాండిలు మీద ఇంజను ఆపే స్విచ్చు పొరబాటున నొక్కుకుందా? సైడు స్టాండు వేసి ఉంటే కొత్త బళ్లు కొన్ని స్టార్టు కావు, దాన్ని తీశారా? న్యూట్రలులో ఉందా? పాత బండి అయితే పెట్రోలు కాక్ తెరిచి ఉందా? ప్లగ్గు మీది టోపీ ఊడిందా? హారను మోగుతోందా, లేకపోతే ఫ్యూజు పోయిందా, బ్యాటరీ దిగిందా? ఇంజెక్షన్ బండికి బ్యాటరీ పూర్తిగా పడిపోతే పంపుకు కరెంటు అందదు. మీటరులో ఇంజను గుర్తు వెలిగి ఆరకుండా ఉంటే అది షెడ్డులోనే చూడాల్సిన పని. వైర్లు పీకవద్దు.

మెకానిక్కు దగ్గరకు వెళ్లినప్పుడు చప్పుడు ఎప్పుడు వస్తోందో, ఏ గేరులో వస్తోందో చెప్పండి. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి. ఆయిలు మార్చిన తేదీ, కిలోమీటర్లు చిన్న పుస్తకంలో రాసుకోండి. రేపు బండి అమ్మబోతే ఆ పుస్తకమే ధర పలికిస్తుంది.

కాగితాలూ బండిలో భాగమే

2018 సెప్టెంబరు 1 తర్వాత కొన్న కొత్త ద్విచక్ర వాహనానికి మొదటే అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా చేస్తారు. అది ఎదుటివారికి జరిగే నష్టానికే. మన బండికి బీమా విడిగా ఉందో లేదో చూసుకోవాలి. గేర్ల బండికి లైసెన్సు 18 ఏళ్లు నిండాకే వస్తుంది. పొలం దాకే గదా అని పదో తరగతి పిల్లవాడి చేతికి తాళం ఇస్తే, 2019లో సవరించిన చట్టం ప్రకారం తండ్రికో, బండి యజమానికో 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్టు పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించాలి. పట్టీ బిగించని హెల్మెట్టు పడేటప్పుడు తలకంటే ముందే ఎగిరిపోతుంది.

గుర్తుపెట్టుకోండి

రోజూ: రెండు బ్రేకులు, లైటు, హారను, టైర్లలో గాలి కంటితో, చేత్తో చూడాలి. బండి నిలిపిన చోట నేల మీద ఆయిలు, పెట్రోలు మరక ఉందా గమనించాలి.

వారానికోసారి: గాలి కొలిపించాలి. ఇంజను ఆయిలు పుల్ల చూడాలి. చైను ఆట చూసి, ఆయిలు పెట్టాలి.

నెలకోసారి: క్లచ్చి, బ్రేకు ఆట సరిచేయాలి. నట్లన్నీ పానాతో తడిమి చూడాలి. బ్యాటరీ కొసలు తుడవాలి. ఎయిర్ ఫిల్టరు పెట్టె తెరిచి చూడాలి.

బండిలో ఎప్పుడూ: కంపెనీ పానాల సంచి, ప్లగ్గు పానా, ఒక మంచి ప్లగ్గు, ఫ్యూజు, శుభ్రమైన గుడ్డ, కొంచెం బైండింగు వైరు.

ఈ సాయంత్రం పొలం నుంచి రాగానే బండిని సెంటరు స్టాండు వేసి చైను ఒకసారి వేలితో ఆడించి చూడండి, బ్రేకు బాణం ఎక్కడుందో చూడండి. ఆ రెండూ బాగున్నాయంటే రేపు పొద్దున పాలకు నిశ్చింతగా బయల్దేరవచ్చు.